చెవి ఖాళీ అయిన కోచ్

తబిత శిక్షణలో ఆమె పాత కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఆరేళ్లు వరసగా కప్పు గెలిచింది. ఎవరిని దింపాలో, ఎప్పుడు ఆట ఆపాలో చెవిలోని యంత్రం చెప్పేది, ఆమె పైకి అనేది. అన్ని కాలేజీల కోచ్‌లూ అంతే. ఉద్యోగం మానేసినప్పుడు, ఆరేళ్లు ఆమెతో మెలిగిన ఆ యంత్రాన్ని కాలేజీ ఉంచేసుకుంది. అప్పటినుంచి ఆమెకు ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టుగా ఉంది. యంత్రం లేని కోచ్ మాకెందుకని ఇప్పటికి రెండు కాలేజీలు పంపేశాయి.

మూడో కాలేజీ ప్రిన్సిపాల్ కోటిలింగం ఆమెను నేరుగా బాస్కెట్‌బాల్ కోర్టుకు తీసుకెళ్లారు.

"వచ్చినవాళ్లంతా కప్పులు గెలిచినవాళ్లే. గెలిచింది మనిషో యంత్రమో నాకు అంతుబట్టడం లేదు. పది నిమిషాలు ఆడించండమ్మా."

పిల్లలు ఆడుతున్నారు. తబితకు ఏం చెప్పాలో తోచలేదు. తొమ్మిదో నిమిషంలో నోటినుంచి మాట వచ్చేసింది.

"ఏయ్ పొడుగమ్మాయ్! బంతి రాకముందే భయమేంటే? మీ అమ్మ విసిరిన గరిటె ఎప్పుడూ పట్టుకోలేదా?"

"తప్పించుకున్నా మేడం!"

అందరూ నవ్వారు. తరువాతి బంతిని ఆ అమ్మాయి వదల్లేదు.

"ఆ మాట మీదా, యంత్రం నేర్పిందా?" అన్నారు కోటిలింగం.

చెవిలోని ఆ గొంతూ ఇలాగే వేళాకోళమాడేది. ఆమె దగ్గర అది నేర్చుకుందో, దాని దగ్గర ఆమే నేర్చుకుందో! నాదే అంటే ఉద్యోగం వస్తుంది.

"నిజంగా తెలియదు సార్."

"ముందొచ్చిన ముగ్గురూ ఇదే అడిగితే తమదే అన్నారు," అన్నారాయన. "మీరు సోమవారం చేరండి."

సంతోషించాలో వద్దో అడగబోయినట్టు, తబిత చెయ్యి ఖాళీ చెవి మీదికి వెళ్లింది.