పాటలో ఖాళీ

జనవరి అయిదో తేదీ, సాయంత్రం నాలుగు గంటలకు హాలోకూంబ్ చర్చిలో సాధన మధ్యలో పాట ఆపేశారు. వెనక బల్ల మీద కూర్చున్న ముసలాయన చెక్క కప్పుతో బల్ల మీద కొట్టాడని.

ఏడు గంటలకు కచేరీ.

ఆపిల్ చెట్ల కింద సైడర్ అనే ఆపిల్ కల్లు తాగుతూ పాడే పాత పాటను ఐసొబెల్ ట్రీవ్ ఆసుపత్రిలో చేరకముందు బృందగానంగా కూర్చింది. మూడో చరణం తర్వాత కొంత ఖాళీ వదిలింది. నాలుగు లెక్కపెట్టేంతసేపు ఎవరూ పాడకూడదు. తర్వాత అందరూ ఒక్కసారిగా అందుకోవాలి.

నెల రోజులుగా అది కుదరలేదు.

"ఆ ఖాళీలో నేనో గ్లాసు తాగొచ్చేస్తా విన్నీ," అన్నాడు డెన్‌జిల్. మంద్రస్థాయిలో పాడే మగవాళ్ళలో పెద్దవాడు.

పాట నడిపించే వినిఫ్రెడ్ నవ్వలేదు. కచేరీలో పాట చెడితే ఊరు ఏడాదంతా చెప్పుకుంటుంది.

ఆమె ముసలాయన వైపు తిరిగింది.

"ఎవరండీ మీరు?"

"కొండ అవతల నుంచి వచ్చానమ్మా."

"పాట ఆగిన చోట చప్పుడు చేయకూడదు."

"ఖాళీ వచ్చింది కదమ్మా, కొట్టాను."

"ఇది పబ్బు కాదు. చర్చి."

"అవునమ్మా. పబ్బులో ఇంత చలి ఉండదు."

ఎవరో నవ్వారు.

"దయచేసి బయటికి వెళ్ళండి."

ఆయన కప్పును కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"విన్నీ, ఈసారి అందరం కలిసే అందుకున్నాం," అన్నాడు డెన్‌జిల్.

"ఖాళీ వచ్చినప్పుడు నీ నోరు కూడా ఖాళీగా ఉంచు."

కచేరీలో ఖాళీ తర్వాత ఆడవాళ్ళు ముందు అందుకున్నారు, మగవాళ్ళు వెనకబడ్డారు. మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. అక్కడే మళ్ళీ తెగింది. ఇంక పాడలేదు. జనం చప్పట్లు కొట్టారు. వేడి సైడర్ పోశారు.

ఆసుపత్రి నుంచి ఐసొబెల్ ఫోన్ చేసింది.

"ఎనక్ బాగా కొట్టాడా?"

"ఎనక్ ఎవరు?"

"ఎనక్ బ్రే. ఆ ఖాళీ ఆయనదే. అందులో కప్పుతో కొట్టాలని కాగితం మీద రాస్తానంటే ఒప్పుకోలేదు. నేనే వచ్చి కొడతా, వాళ్ళకే తెలుస్తుంది అన్నాడు. చెప్పలేదా?"

"నేను అడగలేదు."

"ఒకసారి ఫోన్ ఆయనకివ్వు."

వినిఫ్రెడ్ వెనక బల్ల వైపు చూసింది. చేతిలోని సైడర్ చల్లారిపోయింది.

కొండ అవతలికి వెళ్ళే ఆఖరి బస్సు అయిదింటికే కదిలింది. అందులో ఎక్కింది ఒక్కరే, ఆ పాటను ఐసొబెల్‌కు నేర్పిన మనిషి, దాన్ని పబ్బులో పాడినవాళ్ళలో ఇంకా బతికున్న ఒకే ఒక్కడు.