మెట్ల మధ్య బల్ల

"మెట్లు కట్టింది ఎక్కడానికా, కూర్చోడానికా?" అన్నాడు అధ్యక్షుడు, బల్ల మీద కళ్ళజోడు పెడుతూ.

"ఎక్కేవాళ్ళు మధ్యలో కూర్చోడానికండీ" అంది టైలరమ్మ.

వీధి బాగు కమిటీ గదిలో ఉన్నది ఐదుగురు. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. అధ్యక్షుడికి వీధి మొదట్లో ఒక ఆర్చి కట్టించాలని, దాని మీద కమిటీ వాళ్ళ పేర్లు చెక్కించాలని ఉంది. టైలరమ్మకేమో నలభై ఆరు మెట్ల దారిలో, ఇరవై మూడో మెట్టు దగ్గర ఒక బల్ల వేయించాలని. రెండు నెలలుగా ఇదే గొడవ.

"ఈ ఇద్దరి మాటలూ రాయలేక నా చెయ్యి పడిపోతోంది" అని మినిట్స్ పుస్తకం మూసి మళ్ళీ తెరిచింది పంతులమ్మ.

"చుట్టరికాలు, స్నేహాలు చెప్పులతో పాటు బయటే వదిలి రావాలని మొదటి రోజే చెప్పాను" అన్నాడు అధ్యక్షుడు. "ఇక్కడ అందరూ సభ్యులే, అందరికీ గారే. చెప్పండి సభ్యురాలుగారూ, ఆ మెట్ల మీద ఆయాసపడేది ఎవరు? నేను రోజుకు రెండుసార్లు గుక్క తిప్పుకోకుండా ఎక్కుతాను."

టైలరమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. కుట్టు వంకర పోయినా సరే, ఆ కిటికీలోంచి చూడాల్సింది చూడకుండా వదిలే రకం కాదు ఆవిడ. అధ్యక్షుడు రోజూ సరిగ్గా ఇరవై మూడో మెట్టు దగ్గర ఆగుతాడు. గోడకున్న చిరిగిన పోస్టరు చదువుతున్నట్టు నిలబడి, ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి గుండెకు ఆనిస్తాడు. మూడు నెలలుగా అదే పోస్టరు. అందులో మిగిలింది సగం సబ్బు బొమ్మ. మొన్నైతే మొహం పాలిపోయి, కింద పడబోయి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మెల్లగా కదిపి చూస్తే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని కసిరాడు. నలుగురిలో ఈ సంగతి అంటే ఆ మనిషి ఇక తలెత్తుకు తిరగలేడు. అనకుండా ఊరుకుంటే వచ్చే ఏడాది దాకా బల్ల లేదు. అప్పటిదాకా ఆ గోడ ఆయన్ని పట్టుకుంటుందని ఏం నమ్మకం?

"ఓట్లు పెట్టేద్దాం" అన్నాడు ప్లంబరు. ఆర్చి మీద తన పేరు ఏ వరసలో వస్తుందో అప్పుడే అడిగి తెలుసుకున్నాడు.

బల్లకి టైలరమ్మ, పంతులమ్మ. ఆర్చికి ప్లంబరు, మందుల షాపాయన. ఇక తేల్చాల్సింది అధ్యక్షుడే. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఆగండి" అంటూ లేచింది టైలరమ్మ. లేస్తూనే "అమ్మా!" అని మోకాలు పట్టుకుంది. "ఇన్నాళ్ళూ సిగ్గుపడి చెప్పలేదండీ. బల్ల అడుగుతున్నది నా కోసమే. నా మోకాళ్ళు పోయాయి."

బస్సు వెంట పరిగెత్తి ఆపగలిగే మనిషికి మోకాళ్ళు పోవడమేంటి?

"నా షాపులో ఒక్క నొప్పి మాత్ర కూడా కొనలేదే?" అన్నాడు మందుల షాపాయన.

"మీ ధరలు వింటే నొప్పే భయపడి పోతుందని ఆగానండీ."

పంతులమ్మ కిసుక్కుమంది. టైలరమ్మ నమ్మకం కుదర్చడానికి గదిలో నాలుగడుగులు కుంటి చూపించింది.

"ఇందాక పట్టుకుంది కుడికాలు కదా?" అన్నాడు ప్లంబరు.

"రెండూనండీ. వంతులేసుకున్నాయి."

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ లోపల మనసు చివుక్కుమంది. రేపటికి వీధంతా తెలిసిపోతుంది. బల్ల వేసేదాకా కుంటాలి, వేశాక కూడా కుంటాలి. నాటకమాడితే ఆడావు, ఏ పంటినొప్పో ఎంచుకోవచ్చు కదే మొహమా, అని తనను తానే తిట్టుకుంది.

అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఆవిడ మోకాళ్ళ వంక చూశాడు. మొహం వంక చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"రాయండి పంతులమ్మగారూ. సభ్యురాలుగారి మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని, బల్ల మంజూరు."

"మరి ఆర్చి?" అన్నాడు ప్లంబరు ఏడుపు గొంతుతో.

"పేర్లు ఎక్కడికీ పోవులేవయ్యా."

ఎండ వాలుతుండగా అందరూ బయటపడ్డారు. టైలరమ్మ బల్ల గెలిచిన సంబరంలో కుంటడం మర్చిపోయి, చకచకా ముప్ఫై మెట్లు ఎక్కేసింది. వెనక్కి చూస్తే అధ్యక్షుడు ఇరవై మూడో మెట్టు దగ్గర పోస్టరు చదువుతున్నాడు. ఆవిడ నాలుక కరుచుకుని కిందికి దిగొచ్చింది.

"మోకాళ్ళ నొప్పి తగ్గినట్టుందే?" అన్నాడాయన, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ.

"మంజూరు అన్న మాట చెవిన పడగానే సగం పోయిందండీ. మిగతా సగం ఇప్పుడే పట్టుకుంది." మెట్టు మీద చతికిలబడింది. "కాసేపు కూర్చోకపోతే నా వల్ల కాదు."

"మీకోసమైతే సరే" అని ఆయనా పక్కనే కూర్చున్నాడు. ఆవిడ మొహం అటు తిప్పి, ఆయన ఊపిరి కుదుటపడేదాకా మోకాలు రుద్దుకుంటూనే ఉంది.

తర్వాత ఇద్దరూ ఒక్కో మెట్టూ ఎక్కి పైకి చేరారు. అధ్యక్షుడు అటూ ఇటూ చూసి, కమిటీ వాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

"నలభై ఏళ్ళ కాపురంలో నువ్వు కుంటడం ఇవాళే చూశానే!"