ఐపీకి చాలని అప్పు

"నీ మేడ వేలం ఆగిపోనాదంట గదా, సావుకారు బాబూ?" నెత్తిమీది పసుపు గంప దించకుండానే అడిగింది సోంబారి.

"ఆగక సస్తాదా?" కామయ్య తన కొత్త మేడ వంక చూసుకుని మీసం దువ్వాడు. "పట్నం కోర్టులో ఐపీ పెట్టీసేను. నా దగ్గర చిల్లిగవ్వ నేదు, అప్పులు తీర్చలేనని రాసిచ్చీసేను. ఇంక ఈ గడప తొక్కేవోడెవడు?"

సోంబారి చూపు మేడ మీంచి పెరట్లోకి జారింది. అక్కడ ఆమె మొగుడు బుద్రు కట్టెలు కొడుతున్నాడు. కామయ్య దగ్గర తెచ్చిన ఇరవై రూపాయల అప్పుకి, అది తీరేదాకా అతనిక్కడ చాకిరీ చెయ్యాల్సిందే. మూడేళ్ళయింది. తీరలేదు.

"నా కాడా ఏటీ నేదు బాబూ. నాకూ ఆ ఐపీ పెట్టించు. మావోడు ఇంటికొచ్చేత్తాడు."

కామయ్య పగలబడి నవ్వాడు. "దానికి ఐదొందలైనా అప్పుండాలే! నీది ముష్టి ఇరవై."

పెరట్లో గొడ్డలి చప్పుడు ఆగింది. సోంబారి గంప కిందికి దించింది.

"అయితే మిగతాది కూడా నువ్వే అప్పియ్యి."

కామయ్య నవ్వడం మానేశాడు. ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇత్తాను. చాకిరీకి పెట్టిన మడిసికి ఇరవై. నీకు పిల్లలెంతమందే?"

"ఒద్దే, సోంబారీ!" బుద్రు అరిచాడు.

అప్పటికే ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటోంది. ఒక వేలు దగ్గర ఆగి, తలెత్తింది.

"పాలు తాగే గుంటడు లెక్కలోకొత్తాడా బాబూ?"