సుత్తి లేని కోర్టు

"గట్ల కాదు సారూ. ఏ వకీలూ గట్ల నోరు జారొద్దు."

వెనక నుంచి వచ్చిన మాటకి అవినాష్ ఉలిక్కిపడి, చేతిలో కాగితాలు దించాడు.

చిక్కడపల్లిలో ఓ డాబా మీది గదిలో కిరాయికి ఉంటూ అతను టీవీకి కోర్టు సీరియల్ రాస్తున్నాడు. వచ్చే గురువారం ఎపిసోడ్ తేలిపోతే రైటర్‌ని మార్చేస్తానని డైరెక్టర్ వీరరాఘవరావు తెగేసి చెప్పాడు. అందుకే పొద్దున్నే డాబా మీద పచార్లు చేస్తూ, రాసిన సీను పైకి చదువుకుంటున్నాడు.

ఇంటి ఓనరు జగన్నాథరావు గారు పేరున్న వకీలే. ఓసారి సలహా అడగబోతే ఆయన రెండు చేతులూ జోడించారు.

"నీ సీరియల్ చూస్తే నాకు బీపీ పెరుగుతుందయ్యా. నన్నొదిలెయ్."

ఇప్పుడు మాట్లాడింది మాత్రం పీరయ్య. పిట్టగోడకు సిమెంటు పూయడానికి రెండు రోజులుగా వస్తున్న మేస్త్రీ.

"ఏంటి తప్పు?" అన్నాడు అవినాష్ విసురుగా.

"ముద్దాయి నమ్మి చెప్పుకున్న ముచ్చట మీ వకీలమ్మ జడ్జి ముందట ఒర్రుతున్నది కద."

"నిజం బయటపెట్టింది! జనం చప్పట్లు కొడతారు."

"కొడ్తరు. గని రేపటి సంది ఎవడన్న వకీలుకు నిజం చెప్తడా?"

అవినాష్ రెండడుగులు దగ్గరికొచ్చాడు.

"మరి ఏం చేయాలంటావు?"

పీరయ్య తాపీ పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"మనసొప్పకుంటే కేసు ఇడిసిపెట్టి పోవాలె. ఎందుకు పోతున్నవని జడ్జి అడిగినా చెప్పొద్దు. కడుపులనే పెట్టుకోవాలె."

మళ్లీ గోడ వైపు తిరగబోయి ఆగాడు.

"ఇంకోటి. ఆ జడ్జి చేతిల సుత్తి తీసెయ్యుర్రి. మన కోర్టుల్ల సుత్తి యాడిది సారూ? సుత్తి నా తాన ఉంటది."

అవినాష్ పకపకా నవ్వేశాడు. కాగితాలు అడ్డంగా చింపి, అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

"సరే, సాక్షి మీద అరిచే సీను సంగతేంటి?"

"అరిస్తే సాక్షి ముడుచుకుంటడు. మెల్లగ అడగాలె. అప్పుడే అబద్ధం తడబడ్తది."

మధ్యాహ్నం దాకా పీరయ్య సిమెంటు పూస్తూ చెబుతూనే ఉన్నాడు. అవినాష్ కొత్త కాగితాల మీద రాస్తూనే ఉన్నాడు.

మర్నాడు షూటింగులో వీరరాఘవరావు కాగితాలు తిరగేసి మొహం చిట్లించాడు.

"చప్పట్లెక్కడయ్యా?"

"లేవండి."

"సుత్తి?"

"అదీ లేదండి."

ఇంకోటి రాయించే టైము లేదు. చేసేది లేక షాట్ పెట్టాడు.

నల్లకోటు వేసుకున్న నటి తలెత్తింది. "ఈ కేసు నుంచి తప్పుకుంటున్నాను. కారణం చెప్పలేను."

అంతే. లైట్‌బాయ్‌లు కూడా కదల్లేదు. ముందుగా చప్పట్లు కొట్టింది వీరరాఘవరావే!

గురువారం ఎపిసోడ్ వచ్చింది. శుక్రవారం పొద్దున నారాయణగూడలో ఏ హోటల్లో చూసినా అదే ముచ్చట. ఆమె ఏం దాచిందని టీలు చల్లారేదాకా వాదులాడుకుంటున్నారు.

అవినాష్ గాల్లో తేలుతూ స్వీట్లు కొని డాబా ఎక్కాడు.

పిట్టగోడ పని ముగిసి మూడు రోజులైంది. పీరయ్య లేడు. అంత నేర్పిన మనిషి ఎక్కడుంటాడో కూడా తను అడగలేదు!

అప్పుడే జగన్నాథరావు గారు మెట్లెక్కి వచ్చారు.

"నిన్న చివరిదాకా చూశానయ్యా. నూటికి నూరుపాళ్లూ నిజం కోర్టు. ఎవరు చెప్పారు నీకు?"

"మేస్త్రీ పీరయ్య."

ఆయన ఫక్కున నవ్వి, డబ్బాలోంచి ఓ లడ్డూ తీసుకున్నారు.

"అతనికివన్నీ ఎలా తెలుసండీ?"

"అతని గుడిసె ఖాళీ చేయించాలని ఓ బిల్డరు దావా వేశాడు. నమ్మి చెప్పుకున్న సంగతులన్నీ సొంత వకీలే బిల్డరు చెవిన వేశాడు. దాంతో ఇక ఏ వకీలూ వద్దని, ఆరేళ్లు తన కేసు తనే వాదించుకున్నాడు."

"గెలిచాడా?" అన్నాడు అవినాష్ ఊపిరి బిగబట్టి.

"గెలవకపోవడమేంటయ్యా, ఆ బిల్డరు తరఫున నిలబడి పీరయ్య చేతిలో ఓడిపోయిన వకీలుని నేనేగా!" అన్నారు జగన్నాథరావు గారు మురిసిపోతూ.