తండ్రి తెలియని పువ్వు

మా తమ్ముడు సృష్టించిన కొత్త జెరేనియం రకాన్ని నమోదు చేయడానికి ఆఫీసరమ్మ గ్రీన్‌హౌస్‌కి వచ్చింది. వాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ మొక్కను తానే నవమాసాలు మోసి కన్నట్టు పక్కన నిలబడ్డాడు.

ఆమె పూరేకును రంగుల కార్డు పక్కన పెట్టి నంబరు రాసుకుంది. తర్వాత ఆకు తిప్పి చూసింది.

"తల్లి మొక్కకీ తండ్రి మొక్కకీ ఒట్టి పచ్చటి ఆకులే అన్నారు. మరి దీని ఆకు మీద ఈ గోధుమరంగు వలయం ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

అలాంటి వలయం ఉన్న మొక్క మా దగ్గర ఒక్కటే ఉంది. అది నా వంటింటి కిటికీలో, పాత నూనెడబ్బాలో ఉంటుంది. "అదీ ఒక మొక్కేనా అక్కా, అవతల పారెయ్" అని వాడు పదేళ్లుగా ఈసడించుకునే మొక్క.

"ఏ తేనెటీగో లోపలికి దూరి పుప్పొడి అంటించి ఉంటుంది మేడమ్," అన్నాడు వాడు. "తండ్రి తెలియదని రాసుకోండి."

పురుగుకైనా ఘనత కట్టబెడతాడు గానీ నా కిటికీకి మాత్రం కట్టబెట్టడు. అంత పెద్దమనిషి.

ఆమె రాయబోతుంటే ఆగమన్నాను. వంటింటి సొరుగులోంచి సన్న కుంచె, నాలుగేళ్ల నాటి నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాను. నా డబ్బాలో పువ్వు పుప్పొడిని వాడి గ్రీన్‌హౌస్‌లో ఏ పువ్వుకి, ఏ రోజు అద్దానో అందులో తేదీలతో సహా ఉంది.

"ఆ తేనెటీగను నేనేనండీ," అన్నాను. "పేరు రాసుకోండి."