పొరపాటున పడిన వీధి

“తాగి నడిపేవాళ్లను ఎక్కడ పట్టుకుంటామో ముందే పేపర్లో వేస్తే ఇంకెవడు దొరుకుతాడు సార్?” ఈ శనివారం నోటీసు రాస్తూ హెడ్ కానిస్టేబుల్ విసుక్కున్నాడు. “పైవాళ్ల ఆర్డరయ్యా, రాయి,” నవ్వాడు ఎస్సై.

అంతలో చేతిసంచీతో ఒకావిడ స్టేషన్లోకి వచ్చింది. “పోయిన వారం నోటీసులో మా బేకరీ వీధి వేశారు కదండీ?”

హెడ్డు చప్పున తలెత్తాడు. ఆ తప్పు రాసింది తనే. “పొరపాటున పడిందమ్మా. అసలు మేం ఆ వీధికి రానేలేదు.”

“తెలుసు. సాయంత్రమంతా గుమ్మంలోనే కూర్చున్నాను, ఒక్క పోలీసూ కనబడలేదు. మా ఆయన మాత్రం పేపరు చూసి బండి తాళం నా చేతిలో పెట్టి నడిచి వెళ్లాడు. తూలుతూనైనా నడిచే వచ్చాడు.” ఆవిడ గొంతు తగ్గించింది. “ఈ వారం కూడా ఆ పొరపాటు చేసిపెట్టండి బాబూ. మీరు రాకపోయినా ఫర్వాలేదు.”

ఎస్సై పగలబడి నవ్వాడు. “రాసెయ్యవయ్యా!”

హెడ్డు రాశాడు. రాసినా కలం కింద పెట్టలేదు.

“ఇంకా ఏంటి?”

“మా వీధి కూడా వేస్తాను సార్,” హెడ్డు తల గోక్కున్నాడు. “మా బావమరిది నా మాట చచ్చినా వినడు. పేపర్లో మాత్రం అక్షరం వదలడు.”