హోలిస్ బతిమాలిన రోజు

“నీకు దణ్ణం పెడతాను ఒపాల్. లోపలికెళ్ళి నోరు విప్పకు,” అన్నాడు హోలిస్.

కాపురం చేసినన్నాళ్ళూ మొగుడి నోట బతిమాలే మాట ఒపాల్ ఒక్కసారి కూడా వినలేదు. అలాంటిది ఇవాళ మేడ మెట్లు దిగి వచ్చి, కోర్టు భవనం వరండాలో, పదిమందీ చూస్తుండగా టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ అడుగుతున్నాడు. ఆవిడ ప్రాణానికి చల్లగా ఉంది.

“ఎందుకు విప్పకూడదూ? వాషింగ్టన్ నుంచి కమిటీ వచ్చింది జనం మాట వినడానికే. నేను జనం కాదా?”

“సైన్యం వాడేసి పక్కన పెట్టిన పాత పిస్టళ్ళు గోదాముల్లో గుట్టలుగా ఉన్నాయి. అవన్నీ సరదాగా సేకరించుకునేవాళ్ళకి అమ్మేస్తే, ఇన్నేళ్ళుగా నేను కూడబెట్టిన పిస్టళ్ళకి విలువేముంటుంది? నా బతుకంతా ఆ అల్మారాలోనే ఉంది.”

“నాది కూడా అందులోనే పోయింది,” అని ఒపాల్ చేతిసంచి భుజాన వేసుకుని లోపలికి నడిచింది.

అది ఊరికే అన్న మాట కాదు. పెళ్ళయిన కొత్తలో పుట్టినరోజుకి టైప్‌రైటర్ కావాలని అడిగితే, హోలిస్ ఒక పిస్టల్ తెచ్చి చేతిలో పెట్టాడు. యుద్ధం రోజుల్లో టైప్‌రైటర్ల కంపెనీవాళ్ళే దాన్ని తయారు చేశారట. “కంపెనీ అదేగా!” అని నవ్వాడు కూడా. ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ తల్లి ఇచ్చిన పియానో అమ్మేసి ఇంకో రెండు పిస్టళ్ళు కొన్నాడు. ఇంటికొచ్చి ఖాళీ గోడ చూసి ఆవిడ ఏడిస్తే, “గది విశాలంగా లేదూ?” అన్నాడు. విడాకుల కాగితాలు ఆ వారమే వేసింది.

హాలు కిటకిటలాడుతోంది. స్నేహితురాలు నడీన్ కుర్చీ పట్టి ఉంచింది.

“మీ విడాకుల తీర్పు ఇవాళే కదే, పైన కోర్టులో? నువ్విక్కడ కూర్చున్నావేం?”

“పైన లామార్ ఉన్నాడుగా, వకీలుకి డబ్బిచ్చేది దేనికి? ఇల్లెలాగూ నాకే వస్తుంది. ఈ అవకాశం మళ్ళీ రాదు. మొగుడి అల్మారాని ఇనప సామాన్ల కొట్టు చేసిపెట్టే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది చెప్పు?”

“నీ కడుపులో ఇంత విషం ఉందనుకోలేదు.”

“పియానో ఉండే చోటు ఖాళీ అయింది కదా, అక్కడ పెట్టుకున్నాను.”

ముందుగా హోలిస్ లేచాడు. పిస్టల్ అంటే జేబులో ఇమిడిపోయేదనీ, వేలకొద్దీ ఊళ్ళ మీదికి వదిలితే ఏది ఎవడి చేతిలో పడుతుందో చెప్పలేమనీ, వాటిని కొలిమిలో వేసి కరిగించడమే క్షేమమనీ నీళ్ళు నములుతూ చెప్పాడు. కూర్చోబోతూ ఒపాల్ వైపు దీనంగా చూశాడు. ఆ చూపుతో ఆవిడకి రెట్టింపు బలం వచ్చింది.

“మా నాన్న కొరియాలో అలాంటి పిస్టలే నడుముకి కట్టుకుని తిరిగాడు,” అని మొదలుపెట్టింది. “తిరిగొచ్చాక దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని పోయేదాకా అంటూనే ఉన్నాడు. అలా అనుకునే ముసలివాళ్ళు ఈ హాల్లోనే ఎంతమంది లేరు? ప్రాణం కాపాడినదాన్ని కొలిమిలో వేస్తారా?”

వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

కమిటీ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. “దొంగల చేతికి పోతే ఏం చేస్తారమ్మా?”

“దుకాణంలో కొనేవాడి పూర్వాపరాలు ఎలా ఆరా తీస్తారో, వీళ్ళవీ అలాగే తీయండి. ఇంకా గట్టిగా తీయండి. ఇక హోలిస్ గారి భయమంటారా, ఆయన అల్మారా నిండా అవే ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటివల్ల ఊళ్ళో ఎవరికీ ఏ హానీ జరగలేదు, నాకు తప్ప.”

హాలు గొల్లుమంది. పెద్దావిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. చేతులెత్తమంటే కమిటీలో అందరి చేతులూ లేచాయి. అమ్మకానికి దారి తెరిచినట్టే.

వెనక కూర్చున్న తుపాకుల వ్యాపారి పర్విస్ అప్పటికే తల పట్టుకున్నాడు. “అయిపోయింది. పాత సైన్యం పిస్టల్ ఎవడు తెచ్చినా ఇక సగం ధరకి కూడా ముట్టుకోను.”

“ఏదీ, ఇంకోసారి అను పర్విస్,” అంది ఒపాల్.

“సగానికి కూడా ముట్టుకోనండీ.”

పాటలా వినిపించిందావిడకి. ఇక మిగిలింది హోలిస్ మొహం చూడటమే. తీరా తిరిగి చూస్తే అతను టోపీ పెట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మొహంలో ఏడుపు జాడ లేదు.

“చాలా బాగా మాట్లాడావు ఒపాల్. మీ నాన్న ఉంటే పొంగిపోయేవాడు,” అని వంగి దణ్ణం పెట్టి, ఈల వేసుకుంటూ వేయించిన చేపలు తినడానికి ఎదురు హోటల్‌కి వెళ్ళిపోయాడు.

“దెబ్బకి మతి చలించినట్టుంది,” అంది నడీన్.

ఒపాల్ జవాబిచ్చేలోపే వకీలు లామార్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా చెమట, మొహమంతా నవ్వు.

“గెలిచాం ఒపాల్ గారూ! పొద్దుటే, ఇక్కడ సభ మొదలవకముందే తీర్పొచ్చింది. నకళ్ళ కోసం నన్ను పైనే కూర్చోబెట్టారు, ఫోన్లేమో గుమ్మం దగ్గరే లాక్కున్నారు. తీర్పు విన్నప్పుడు ఆయన మొహం మీరు చూడాల్సింది, నెత్తురుచుక్క లేదు! మీరు ఇల్లిల్లంటారు గానీ, ఆ పాత కొంప పోతే ఆయనకేం నొప్పి? అందుకే అది ఆయనకే వదిలేసి, నొప్పెక్కడ పుడుతుందో అక్కడే కొట్టాను.”

“అంటే?”

“పిస్టళ్ళన్నీ మీకే రాయించానండీ.”